రెడీమేడ్ వద్దన్న మా వదిన

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, ఆళ్లగడ్డ నుంచి వచ్చే మొదటి బస్సు మా వీధి మలుపులో ఆగింది. కండక్టరు దిగి మా గేటు దగ్గరికి వచ్చి, "టీచరమ్మ రాత్రి పోయిందంటమ్మా. మీకు చెప్పమన్నారు" అని చెప్పి, బస్సు నిలబడి ఉంది కాబట్టి వెంటనే వెళ్లిపోయాడు. ఆ మాట వినగానే నాకు ముందుగా వచ్చింది కోపం. అంతకు పదిహేను రోజుల ముందే ఆమెకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని తెలిసి, నంద్యాలకు వచ్చి డాక్టరుకు చూపించుకోమని నేనూ మా ఆయనా బతిమాలాం. పిల్లల పరీక్షలు అయిపోనీ అంది. ఆమె పోయేనాటికి పరీక్షలు ఇంకా అయిపోలేదు.

ఆమె మా ఆయనకు అక్క, నాకు వదిన. ఆళ్లగడ్డ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు. బడికి దగ్గరలోనే నాపరాళ్ల కప్పున్న రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు బైబిలు పాఠం చెప్పేది. ఆమె చేతిసంచిలో పాటల పుస్తకం పక్కనే ఒక స్క్రూడ్రైవరు ఉండేది. ఎందుకని కొత్తవాళ్లు అడిగితే, "యాడ ఏం అవసరమొస్తాదో ఎవరికి తెలుసు" అనేది.

డెబ్బైలలో నేను మా అత్తగారింటికి కొత్తకోడలిగా వెళ్లినప్పుడు నా పెళ్లికి వచ్చిన కానుకల్లో ఒక వత్తుల స్టవ్ ఉంది. బంధువులు టీ కోసం కూర్చుని ఉన్నారు. వదిన ఆ స్టవ్‌ను వెలిగించనివ్వలేదు. నేల మీద పాత పేపరు పరచి, పన్నెండు వత్తులూ బయటికి లాగి, ప్రతి ముక్కనూ చూసి, మళ్లీ బిగించి ఇచ్చింది. టీ గంట ఆలస్యమైంది. మా అత్తగారు తిట్టారు. వదిన చేతులు తుడుచుకుంటూ నాతో, "లోపలేముందో తెల్దంటే, అది మనింట్లో ఉన్న ఊరోళ్ల వస్తువు మ్మే" అంది. ఆ తర్వాత కుట్టుమిషను, రేడియో, చివరికి మా ఆయన కొత్త చేతిగడియారం కూడా అదే పేపరు మీదికి వచ్చాయి. గడియారం మాత్రం మళ్లీ నడవలేదు. దానికి కూడా ఆమె పశ్చాత్తాపపడలేదు, ఎందుకు నడవలేదో తనకు తెలుసు కాబట్టి.

క్లాసులో ఆమెకు ఒక అలవాటు ఉండేది. పిల్ల లెక్క తప్పు చేస్తే తప్పని చెప్పేది కాదు. తప్పు జరిగిన వరుస మీద వేలు పెట్టి, "ఈడికి యాడినుంచి వచ్చినావు?" అని అడిగేది. పిల్ల తనే వెనక్కి నడుచుకుంటూ వెళ్లి తప్పును పట్టుకోవాలి. ఆమె దగ్గర చదివిన పిల్లలు ఆ వేలికి ఇప్పటికీ భయపడతారు.

ఇక కంప్యూటరు సంగతి. ఎనభైలలో ఎవరో దాత బడి కమిటీకి ఒక కంప్యూటరు ఇచ్చారు. కమిటీ నంద్యాలలో ఉంటుంది. దాని కింద రెండు బడులు, నంద్యాలలో మగపిల్లలది, ఆళ్లగడ్డలో ఆడపిల్లలది. ఉన్నది ఒక్క యంత్రం. అందరూ నంద్యాలకే అనుకుంటుంటే వదిన కమిటీ ముందు కూర్చుని, తాను హైదరాబాదులో లెక్కల టీచర్ల శిబిరంలో ఆరు వారాలు కంప్యూటరు నేర్చుకున్నానని, నంద్యాల బడిలో అది నేర్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరని వాదించి దాన్ని ఆళ్లగడ్డకు తెచ్చుకుంది. కార్యదర్శి ఒక షరతు పెట్టాడు. జూన్‌లో బడి తెరిచేనాటికి పిల్లలు దాని ముందు కూర్చుని పని చేస్తూ కనిపించాలి. లేకపోతే అది నంద్యాలకు వస్తుంది.

ఇక్కడే నాకు ఆమె మీద మొదటి చికాకు. కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అది లేకపోతే ఆ పెట్టె ఉత్తగా ఫ్యాను తిరిగే డబ్బా. నంద్యాల కంప్యూటరు దుకాణాయన తయారైన సిస్టమ్‌నే ఫ్లాపీల్లో, అంటే యంత్రంలో దూర్చే పలుచని పలకల్లో, ఇస్తానన్నాడు. పెడితే చాలు, ఆ రోజే నడుస్తుంది. వదిన వద్దంది. హైదరాబాదు శిబిరంలో ఆమెకు ఒక పుస్తకం, దాంతోపాటు వేరే సిస్టమ్ ఒకటి కొన్ని ఫ్లాపీల్లో దొరికాయి. దాంట్లో సోర్సు ఉంది, అంటే మనిషి చదవగలిగేలా రాసిన అసలు పాఠం. ఆ పాఠాన్ని ముక్క ముక్కగా యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, ముక్కలన్నీ కలిపి సిస్టమ్‌ను మనమే కట్టుకోవాలి. దాన్నే కంపైల్ చేయడం అంటారు. దానికి గంటలు పడుతుంది.

తయారైంది ఉండగా ఈ తిప్పలేందుకని మా ఆయన అడిగాడు. వదిన రెండు కారణాలు చెప్పింది. దుకాణం సిస్టమ్‌తో ఒక్కసారికి ఒక్కరే పని చేయగలరు. యంత్రంతోపాటు తెరా కీబోర్డూ మాత్రమే ఉండే రెండు టెర్మినళ్లు వచ్చాయి. తన సిస్టమ్ కడితే వాటిని కూడా తగిలించి ముగ్గురు పిల్లలు ఒకేసారి కూర్చోవచ్చు. ముప్పైమంది పిల్లలకు ఒక్క కుర్చీ అంటే ఏడాదికి ఒక్కో పిల్లకు ఏం వస్తుంది? రెండో కారణం ఆమె పాత కారణమే.

"ఆ ఫ్లాపీ మొరాయిస్తే నంద్యాల నుంచి ఆయప్ప రావాల. నేను కట్టినది మొరాయిస్తే, యాడ మొరాయించిందో పిల్లోళ్లే ఎతికి పట్టుకుంటారు."

మాట బాగానే ఉంది. కానీ యంత్రంలో ఇరవై మెగాబైట్ల హార్డు డిస్కు ఉంది. ఎక్కువ సమాచారం దాచుకునే భాగం అదే. వదిన సిస్టమ్ ఆ డిస్కును గుర్తుపట్టలేదు. అది గుర్తుపడితే తప్ప టెర్మినళ్లు నడవవు. డిస్కుతో మాట్లాడే ముక్క ఒకటి సోర్సులో ఉంటుంది. దాన్ని మన యంత్రానికి సరిపోయేలా మార్చి మళ్లీ కట్టాలి. డిస్కు లేకుండా ఆ కట్టడమంతా ఫ్లాపీల మీదే జరగాలి. ఒకటి తీసి ఒకటి పెడుతూ ఎవరో ఒకరు యంత్రం ముందు కూర్చోవాలి.

ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. మే నెల సెలవుల్లో నా పిల్లలను మా అమ్మ దగ్గర వదిలి రమ్మంది. పొద్దునపూట వదిన పదో తరగతి తప్పిన పిల్లలకు పాఠాలు చెప్పాలి. నేను పదో తరగతి చదివినదాన్ని, ఇంగ్లీషు అక్షరాలు చదవగలను, అంతకుమించి నాకేం తెలుసని అడిగాను.

"పప్పు డబ్బాల మీద గూడా తేదీ రాసేదానివి గదా నువ్వు. నాకు కావాల్సింది అట్లాంటి మనిషే."

బడికి రేకుల కప్పు కాబట్టి ఆ వేడికి భయపడి యంత్రాన్ని వదిన ముందుగదిలో పెట్టారు. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టాం. నేను ఫ్లాపీలకు వరుస నంబర్లు వేశాను. ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని రాయడం మొదలుపెట్టాను. ఎందుకు ఆగింది అనే వరుసలో ఎక్కువగా రాసినది కరెంటు అనే మాట. మొత్తం సిస్టమ్ కట్టడానికి ఐదు గంటలు. ఆ మే నెలలో ఆళ్లగడ్డలో కరెంటు వరుసగా ఐదు గంటలు ఉన్న రోజు ఒక్కటి ఉంటే గొప్ప. రెండుసార్లు నాలుగున్నర గంటల దగ్గర పోయింది. చెమటతో కూర్చుని నేను ఏడ్చినంత పని చేస్తే, వదిన వేరుశనగలూ బెల్లమూ నా ముందు పెట్టి తినమంది.

కరెంటు పోయినా మొత్తం మళ్లీ మొదటి నుంచి కట్టక్కర్లేదని ఆమె నేర్పింది. యంత్రం తేదీలు, గంటలు చూసుకుంటుంది. పాఠాన్ని మార్చిన సమయం, దాని నుంచి కట్టిన ముక్క సమయం, రెండూ దానికి తెలుసు. పాఠం కొత్తదైతే ఆ ముక్కను మళ్లీ కడుతుంది. ముక్క కొత్తదైతే దాన్ని ముట్టుకోదు. అందుకని ఒక్క ముక్క మారిస్తే నలభై నిమిషాల్లో అయిపోతుంది. కానీ మా యంత్రంలో గడియారం నిలవదు. ఆపి పెట్టిన ప్రతిసారీ, మొదలుపెట్టగానే ఈరోజు తేదీ, గంట మనమే కొట్టాలి. ఆ పని నాది.

మూడో వారం మంగళవారం సాయంత్రానికి మొత్తం సిస్టమ్ మొదటిసారి పూర్తిగా కట్టుకుంది. ఇక డిస్కు ముక్క ఒక్కటే మిగిలింది. ఆ రాత్రి వదిన పుస్తకం ముందేసుకుని కూర్చుని, ఎక్కడ ఏ అంకె మార్చాలో కనిపెట్టానంది. పొద్దున్నే మారుస్తానంది.

పొద్దున బుధవారం. అమావాస్య.

మేం క్రైస్తవులం. మంచిరోజు, చెడ్డరోజు అనే మాట వదిన ఇంట్లో ఎత్తకూడదు. కానీ మా అమ్మ ఇంట్లో బైబిలు ఉన్న గూటి పక్కనే తిథుల క్యాలెండరు వేలాడేది. ఆమె చర్చికి ఎంత నిష్ఠగా వెళ్లేదో, అమావాస్యనాడు కొత్తపని అంత నిష్ఠగా మొదలుపెట్టేది కాదు. నాకూ ఆ భయం ఒంట్లోనే ఉంది. ఇన్ని రోజుల కష్టం, పదిహేను రోజుల్లో కమిటీ రాక, ఈ రోజు అమావాస్య. వదినకు చెబితే తిడుతుంది. యంత్రం తేదీ అడిగింది. అది నమ్మేది నేను కొట్టిన తేదీనే కదా అనుకున్నాను. దేవుని దినమైతే ఏ దోషమూ ఉండదని, మొన్నటి ఆదివారం తేదీ కొట్టాను.

వదిన స్నానం చేసి వచ్చి, తాను రాత్రి అనుకున్న అంకెలు మార్చి, ఇక కట్టమని నాకు చెప్పి బడికి వెళ్లింది. నేను కట్టమని ఆజ్ఞ కొట్టాను. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అంతా తాజాగానే ఉంది, చేయాల్సిందేమీ లేదని ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది. ఆ వరుస చూసి నేను సంతోషించాను. ఆదివారం మహిమ అనుకున్నాను.

నాకు అప్పుడు తట్టలేదు గానీ, యంత్రం దృష్టిలో ఆదివారం మార్చిన పాఠం, మంగళవారం కట్టిన ముక్క కన్నా పాతది. అందుకని వదిన మార్పును అది ముట్టుకోనే లేదు.

సాయంత్రం వదిన పరీక్షించింది. డిస్కు దొరకలేదు. ఆమె చాలాసేపు తెర వంక చూసి, పుస్తకంలో తాను రాసుకున్న అంకెల మీద అడ్డంగా గీత కొట్టేసింది. నా ఆలోచనే తప్పు మ్మే అంది. మరుసటి రోజు నుంచి వేరే దారులు పట్టింది. అమావాస్య దాటింది కాబట్టి నేను సరైన తేదీలే కొట్టాను. ఆ తప్పుడు అంకెలన్నీ చక్కగా కట్టుకున్నాయి, చక్కగా విఫలమయ్యాయి. పన్నెండు రోజులు. రోజురోజుకూ ఆమె తక్కువ మాట్లాడేది. దుకాణం ఫ్లాపీలు తెప్పించుకోమని మా ఆయన మనిషితో ఉత్తరం పంపితే చదివి మడిచి పెట్టేసింది. ఆ మొండితనానికి నేను గొణిగాను కూడా. ఇంకొకరైతే ఈ పాటికి దాన్ని నడిపించుకునేవాళ్లని మొహం మీదే అన్నాను.

జూన్‌లో కార్యదర్శి జీపులో వచ్చాడు. వదిన ఇంకో వారం గడువు అడిగింది. అప్పటిదాకా నేను ఆమె ఎవరినీ ఏదీ అడగడం చూడలేదు.

"రెడీమేడ్ ఇస్తామంటే వద్దంటిరి టీచరమ్మా. ఆడపిల్లోళ్లకు ఇంత చదువు యాడ అవసరమొస్తాది, టైపు వస్తే చాలదా?" అన్నాడాయన.

యంత్రాన్ని, రెండు టెర్మినళ్లను దుప్పట్లలో చుట్టి జీపులో పెట్టారు. నేను అదే జీపులో నంద్యాలకు తిరిగి వచ్చాను, ఒళ్లో తెర పెట్టుకుని, అది కదలకుండా పట్టుకుని.

జూలైలో ఒక సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడవకుండానే సంచిలోంచి నా నోటుబుక్కు తీసి, బల్ల మీద పెట్టి, ఒక వరుస మీద వేలు పెట్టింది. ఒక్క ముక్క కట్టడానికి ప్రతిసారీ నలభై నిమిషాలు. ఆ బుధవారం మాత్రం నాలుగు. సమయాన్ని తప్పుగా రాయడం నాకు చేతకాలేదు, అందుకే అది అక్కడ ఉంది.

"ఈడికి యాడినుంచి వచ్చినావు?"

నేను వెనక్కి నడిచాను. అమావాస్య దాకా నడిచి చెప్పాను. ఆమె కేకలేస్తుందని ఎదురుచూశాను. కేకలేస్తే నాకు తేలికగా ఉండేది.

"నాతో చెప్పింటే మరుసటి దినం కట్టుకునేవాళ్లం గదా" అంది. ఆ వరుస మీంచి వేలు తీసి, "నేను గూడా అడగాల్సింది. నాలుగు నిమిషాలకే ఎట్లయిందని నేను గూడా అడగలే" అంది. ఆ తర్వాత మంచినీళ్లు అడిగింది.

ఇన్నాళ్లూ నేను ఎన్నోసార్లు తర్కించుకున్నాను. దుకాణం ఫ్లాపీలు పెట్టుకుని ఉంటే ఆ యంత్రం ఇప్పటికీ ఆళ్లగడ్డలోనే ఉండేది. ముప్పైమంది ఒక్క కుర్చీ కోసం వంతులు వేసుకునేవాళ్లు, కానీ వంతులు ఉండేవి. మొత్తం మన చేతులతో కట్టుకుంటే మొత్తం మనదవుతుంది. మన భయాలు కూడా దాంట్లోకి వెళ్లి కట్టుకుపోతాయి. ఆమె ఎంచుకున్నది తప్పని నేను అనలేను. సరైనదని అనడానికి నాకు నోరు రాదు.

ఆమె మాత్రం తన అంకెలు సరైనవో కావో తేల్చుకోకుండా ఉండలేకపోయింది. అప్పటికి నంద్యాల బడిలో దుకాణం సిస్టమ్ పెట్టి ఆ యంత్రంతో ఆఫీసు ఉత్తరాలు టైపు చేస్తున్నారు. హార్డు డిస్కులో సగం ఖాళీగానే ఉంది. వాళ్ల ఫైళ్ల జోలికి పోకుండా ఆ ఖాళీ సగాన్నే వాడుకుంటానని కాగితం రాసిచ్చి, ఒక శనివారం మధ్యాహ్నం రెండు గంటలు అనుమతి తెచ్చుకుంది. నన్ను రమ్మంది. నేను వెళ్లేసరికి ఆమె వెంట ముగ్గురు పదో తరగతి పిల్లలు వరండాలో నిలబడి ఉన్నారు. ఆళ్లగడ్డ నుంచి బస్సులో తీసుకొచ్చింది. ఒకమ్మాయిది ఆత్మకూరు అవతల అడవి ఊరు, హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆ మగపిల్లల బడి గోడలను వాళ్లు బెదురుగా చూస్తున్నారు.

యంత్రం తేదీ అడిగింది. వదిన నా వంక చూడకుండా కుర్చీ నా వైపు జరిపింది. నేను ఆ రోజు తేదీ కొట్టాను. ఆమె పాత అంకెలు మళ్లీ వేసింది. నలభై నిమిషాలు నేను ఒకటి తీసి ఒకటి పెడుతూ ఫ్లాపీలు మార్చాను. కట్టిన ఫ్లాపీ పెట్టి మళ్లీ మొదలుపెట్టగానే, డిస్కు దొరికిందని ఒక వరుస తెర మీద నిలిచింది. వదిన ఆ వరుసను పైకి చదవలేదు. డిస్కును సిద్ధం చేసి, మూలన దుమ్ముపట్టి ఉన్న టెర్మినళ్లను తుడిచి, వైర్లు తగిలించేసరికి రెండు గంటల్లో ఇరవై నిమిషాలు మిగిలాయి.

కార్యదర్శిని పిలుచుకొస్తానని, ఆయన ఇల్లు ఇక్కడికి రెండు వీధులే అని నేను లేచాను. నాకు ఒళ్లు మండుతోంది. చూపించాలి, చూపించి యంత్రాన్ని వెనక్కి అడగాలి. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆయప్పను పిలిస్తే ఈ ఇరవై నిమిషాలు గూడా ఆయప్పకే పోతాయి. కూచోనీ వాళ్లను."

ముగ్గురూ మూడు తెరల ముందు కూర్చున్నారు. ఒకరు రాసినది ఇంకొకరి తెర మీదికి పంపుకోవచ్చని ఆమె చూపించింది. మొదట ఒకరి పేర్లు ఒకరికి పంపుకున్నారు. ఆ తర్వాత లెక్కలు పంపుకున్నారు. అడవి ఊరి పిల్ల పంపిన లెక్కకు మిగతా ఇద్దరికీ జవాబు రాలేదు. ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. వదిన వాళ్ల వెనక చేతులు కట్టుకుని నిలబడింది, దేన్నీ ముట్టుకోలేదు.

వాచ్‌మన్ తాళాల గుత్తితో తలుపు దగ్గరికి వచ్చాడు. టైమైందన్నాడు. వదిన పిల్లలను లేవమని, తనే వంగి ఒక్కొక్క స్విచ్చూ ఆపింది. ఆ తెరలు ఆపగానే ఒక్కసారిగా ఆరిపోవు. వెలుతురంతా మధ్యలోకి కుంచించుకుపోయి, ఒక చిన్న పచ్చని చుక్కగా కొంతసేపు నిలుస్తుంది. పిల్లలు వరండాలోకి వెళ్లిపోయారు, వాచ్‌మన్ ఒక తలుపు మూశాడు. వదిన ఆ చీకటి గదిలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మూడో చుక్క పూర్తిగా ఆరిపోయేదాకా అట్లా వంగి చూస్తూనే ఉంది.